అమ్మీ సేవలో మూడు సంవత్సరాలు

వృద్ధాప్యానికి చేరుకున్న తల్లిదండ్రుల యెడల విసుగు ధ్వనించే చిన్న మాటనైనా పలకరాదని దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా (17:23) మనల్ని ఆదేశిస్తుంది. ఈ ఆదేశాన్ని మేము చిన్ననాటి నుండి విన్నాము, మా పిల్లలకూ బోధించాము. అయితే దాని బరువు ఎంతటిదో, 71 ఏళ్ళ అమ్మీకి క్యాన్సర్ ఉన్నదని తెలిసిన తరువాతనే మాకు అర్థమయింది. మేము నలుగురు తోబుట్టువులం. ఆ మూడు సంవత్సరాలలో మేము నేర్చుకున్నదీ, పొరబడినదీ పాఠక సోదర సోదరీమణులకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఇక్కడ వ్రాస్తున్నాము.

సిగ్గుచాటున పెరిగిన జబ్బు

అమ్మీ తన రొమ్ములోని గడ్డను దాదాపు ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. జ్వరంతో నీరసించి ఉన్నప్పుడు స్నానం చేయించడానికి వెళ్ళిన మా చెల్లెలి కంట అది పడింది. "నొప్పి లేదు బేటీ, ఈ వయసులో ఎవరికి చూపించుకోను?" అని అమ్మీ అన్నారు.

లజ్జ విశ్వాసంలో భాగమని మహాప్రవక్త (స) బోధించారు. అదే ప్రవక్త (స) ప్రతి వ్యాధికీ చికిత్స ఉన్నదనీ, చికిత్స చేయించుకోవాలనీ ఉపదేశించారు. వైద్యం కోసం అవసరమైనంత మేరకు శరీరాన్ని వైద్యురాలికి చూపవచ్చుననీ, వైద్యురాలు లభించని చోట దగ్గరి బంధువు సమక్షంలో వైద్యునికైనా చూపవచ్చుననీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలిదశలో తరచుగా నొప్పి పుట్టించదు. చాలామంది స్త్రీలు మోసపోయేది అక్కడే. మన ఇళ్ళలోని అమ్మీలను, నానీలను ఈ విషయం కూతుళ్ళూ కోడళ్ళూ చొరవ తీసుకొని అడగాలి. వారంతట వారు చెప్పరు.

చికిత్స రోజులు

ఆపరేషన్, ఆ తరువాత కీమోథెరపీ, ఆపైన రేడియేషన్. మహబూబ్‌నగర్ నుండి హైదరాబాదుకు ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఆరోగ్యశ్రీ కార్డు వల్ల పెద్ద ఖర్చులు తప్పాయి. చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగులకు రైల్వే రాయితీ ఉన్నదని మాకు తొలి రెండు నెలలు తెలియనే తెలియదు. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపితే స్లీపర్ తరగతిలో రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ లభిస్తుంది.

కీమో ఇచ్చిన తరువాత రక్తంలోని తెల్లకణాలు తగ్గిపోతాయి. ఆ రోజులలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలని నర్సు మాకు గట్టిగా చెప్పింది. ఒక రాత్రి ఆ మాటే అమ్మీ ప్రాణం కాపాడింది. పరామర్శకు వచ్చే బంధువులను ఆ వారం రోజులు వాకిట్లోనే పలకరించి పంపేవాళ్ళం. కొందరు నొచ్చుకున్నారు. రోగిని పరామర్శించడం పుణ్యకార్యమే. రోగికి హాని కలగకుండా, ఎక్కువసేపు కూర్చోకుండా పరామర్శించడం కూడా ఆ సున్నత్‌లోని మర్యాదే.

రమజాను వచ్చినప్పుడు అమ్మీ ఉపవాసం పాటిస్తానని పట్టుబట్టారు. యాభై ఏళ్ళకు పైగా వదలని అలవాటు అది. మసీదు ఇమాము సాహెబు ఇంటికి వచ్చి, రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం కూడా విధేయతేనని నచ్చజెప్పారు. కోలుకునే ఆశ ఉన్నవారు తరువాత ఖజా పాటిస్తారు. ఆ ఆశ లేనివారు ఒక్కొక్క ఉపవాసానికి బదులుగా ఒక పేదవానికి అన్నం పెడతారు. అమ్మీ తన ఫిద్యా భోజనాన్ని ప్రతిరోజూ తమ కళ్ళముందే కట్టించి, మా వీధి చివరి వృద్ధురాలికి పంపించేవారు. నమాజును మొదట కుర్చీలో, తరువాత మంచంపై, చివరి రోజులలో తయమ్ముమ్ చేసుకొని పడుకొనే సైగలతో నెరవేర్చారు.

ఒక రాత్రి జరిగినది

చికిత్స ముగిసిన తరువాత ఏడాదికి పైగా అమ్మీ బాగున్నారు. ఆ పిదప నడుము నొప్పి మొదలయింది. జబ్బు వెన్నెముకకు పాకిందని స్కానింగులో తేలింది. క్రమంగా మంచం పట్టారు.

పెద్దన్నయ్య జిద్దాలో ఉంటాడు. మా ఇద్దరు అక్కచెల్లెళ్ళ అత్తవారిళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నాయి. కాబట్టి రాత్రింబవళ్ళ సేవ ఇంట్లో ఉన్న చిన్నన్నయ్యపైన, భాభీపైన పడింది. ఒక రాత్రి నాలుగోసారి పిలిచినప్పుడు చిన్నన్నయ్య, "ఎన్నిసార్లు పిలుస్తారు అమ్మీ?" అన్నాడు. అంతే. ఆ తరువాత అమ్మీ పిలవలేదు. ఫజ్ర్ వేళ భాభీ వెళ్ళి చూస్తే పక్క అంతా తడిసి ఉంది. అమ్మీ మేల్కొనే ఉన్నారు.

ఈ సంగతి చిన్నన్నయ్యే ఏడుస్తూ మా అందరికీ ఫోనులో చెప్పాడు. తప్పు అతనొక్కడిదేనని మేము అనుకోలేదు. పగలంతా కుట్టుపని చేసి, మూడు నెలలుగా నిద్రలేని మనిషి అతడు. మేము డబ్బు పంపి, పరామర్శించి, సలహాలు ఇచ్చి మా బాధ్యత తీరిందనుకున్నాము. పైగా అత్తమామల సేవ షరీఅత్ ప్రకారం కోడలి విధి కాదు. అది కన్నబిడ్డల విధి. కోడలు చేసేది ఆమె ఔదార్యం. ఆ ఔదార్యాన్ని మేము హక్కుగా తీసుకున్నాము.

ఆ వారమే పని పంచుకున్నాము. అక్కచెల్లెళ్ళం వంతులవారీగా నెలకు పది రోజుల చొప్పున వచ్చి ఉండేటట్లు, పెద్దన్నయ్య పంపే డబ్బుతో రాత్రిపూట ఒక ఆయాను పెట్టేటట్లు నిర్ణయించాము. పుండ్లు పడకుండా ప్రతి రెండు గంటలకు పక్కకు తిప్పడం, నోరు శుభ్రపరచడం, మందుల వేళలు ఒక నోటుబుక్కులో వ్రాయడం అందరమూ నేర్చుకున్నాము. చిన్నన్నయ్య తల్లి పాదాలు పట్టుకొని క్షమాపణ అడిగాడు. "నువ్వు అలసిపోయావు బేటా, నాకు తెలుసు" అని ఆమె అన్నారు.

అమ్మీని ఎవరూ అడగలేదు

మళ్ళీ కీమో మొదలుపెడితే కొన్ని నెలలు పెరగవచ్చు, పెరగకపోనూవచ్చు, శరీరం తట్టుకోవడం కష్టమని వైద్యురాలు చెప్పారు. పెద్దన్నయ్య ప్లాటు అమ్మి అయినా కీమో చేయించాలన్నాడు. చిన్నన్నయ్య వద్దన్నాడు. వాదనలు పదిహేను రోజులు సాగాయి. జబ్బు తిరగబెట్టిందన్న మాటను అమ్మీకి మేము చెప్పనే లేదు.

చివరకు వైద్యురాలే అమ్మీ పక్కన కూర్చొని, "మీకేం తెలుసు, ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడిగారు. అమ్మీకి అంతా తెలుసు. మేము భయపడతామని వారు మాకు చెప్పలేదు. వారు భయపడతారని మేము వారికి చెప్పలేదు.

మూర్ఛవ్యాధి గల ఒక స్త్రీ స్వస్థత కోసం ప్రార్థించమని కోరినప్పుడు, సహనం వహించి స్వర్గాన్ని పొందడమా, స్వస్థత కోసం దుఆ చేయించుకోవడమా అన్న ఎంపికను మహాప్రవక్త (స) ఆమెకే వదిలిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆమె సహనాన్ని ఎంచుకొని, మూర్ఛ వచ్చినప్పుడు తన దేహంపై వస్త్రం తొలగకుండా ఉండేందుకు మాత్రం దుఆ చేయమని కోరింది. నిర్ణయం రోగిదేనని ఈ హదీసు మాకు గుర్తుచేసింది. ప్రయోజనం కనిపించని చికిత్సను వదిలివేయడం పాపం కాదనీ, ప్రాణం త్వరగా పోవడానికి ఏ చర్యా తీసుకోరాదనీ, నొప్పి తగ్గించే సేవను మాత్రం మానరాదనీ ఇమాము సాహెబు వివరించారు. అమ్మీ కీమో వద్దన్నారు. ఇంట్లోనే ఉంటానన్నారు.

నొప్పికి మందు

మార్ఫిన్ మాత్రలంటే మాకు భయం ఉండేది. అది మత్తుపదార్థం కదా, అలవాటు పడతారేమో, హరామ్ అవుతుందేమో అని సందేహించాము. క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో వాడే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. అవసరార్థం ఔషధంగా వాడవచ్చునని ధర్మవేత్తలు అనుమతించారు. నొప్పి వచ్చిన తరువాత కాక, గడియారం ప్రకారం వేళకు ఇవ్వాలి. మలబద్ధకం తప్పక వస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజు నుండే ఇవ్వాలి. 2014లో మత్తుపదార్థాల చట్టాన్ని సవరించిన తరువాత వైద్యావసరాలకు దీనిని అందించే నిబంధనలు సులభమయ్యాయి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఇటువంటి విభాగాన్ని మొదటి నొప్పితోనే సంప్రదించాలి. మేము రెండు నెలలు ఆలస్యం చేశాము. ఆ రెండు నెలల నొప్పిని అమ్మీ అనవసరంగా భరించారు.

నొప్పి తగ్గిన తరువాత అమ్మీ మాట్లాడసాగారు. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో చెప్పి తీర్పించారు. పక్కింటివారితో పాత మనస్పర్థకు క్షమాపణ చెప్పి పంపారు. తమ రెండు బంగారు గాజులు భాభీకి చెందాలని వసీయత్ వ్రాయించారు. వారసులకు వసీయత్ చెల్లదు. కోడలు వారసురాలు కాదు కనుక, ఆస్తిలో మూడవ వంతు మించకుండా ఆమెకు ఇవ్వవచ్చును. గాజుల విలువ లెక్కవేయించి మరీ అమ్మీ ఆ పని చేశారు.

పెద్దన్నయ్య సెలవు పెట్టి వచ్చి చివరి నలభై రోజులు తల్లి దగ్గరే గడిపాడు. గత షఅబాన్ మాసంలో ఒక తెల్లవారుజామున అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పుడు నలుగురమూ అక్కడే ఉన్నాము.

తల్లి రోగశయ్యపై ఉన్న సోదర సోదరీమణులకు మా మనవి ఇది. సేవను పంచుకోండి. సేవ చేస్తున్నవారిని ఈ రోజే ఫోను చేసి, నిద్రపోయారా అని అడగండి. నొప్పిని ఓర్చుకోమని తల్లికి చెప్పకండి, వైద్యునికి చెప్పండి. ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగండి. పసితనంలో మమ్మల్ని పెంచిన విధంగా ఆమెపై కరుణ చూపమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. మా లోపాలను ఆయన మన్నించుగాక! మీ తల్లులకు స్వస్థతను, మీకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.