గారపండ్లు - బాలల హక్కు

నల్లగొండ, ప్రకాశం ప్రాంతములలోని కొన్ని గ్రామములలో పిల్లలు నవ్వినప్పుడు ముందుపండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలో, గోధుమరంగు చారలో కనబడుట చిరకాలముగా నున్నది. వీటిని గారపండ్లందురు. సరిగా తోముకొనలేదని ఇంట తల్లి గద్దించును; బడిలో తోటివారు వెక్కిరింతురు. వేపపుల్లతో ఎంత తోమినను ఆ గార వదలదు. ఏలయన, పన్ను చిగురులోపల రూపొందుచున్నప్పుడే దాని పింగాణిపొరలో ఏర్పడిన లోపమది. గద్దింపు పొందవలసినది ఆ పిల్లవాడు త్రాగిన నీరు.

ఆ నీటిలో నున్నది ఫ్లోరైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఈ ప్రాంతముల శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజములున్నవి. భూమిలోనికి ఇంకిన నీరు ఆ రాళ్ళనడుమ ఎక్కువకాలము నిలిచినకొలది ఫ్లోరైడును కరగించుకొనును. అందుచేత పైపై బావులు ఎండిపోయి, లోతైన గొట్టపుబావులపై ఆధారపడినచోట్ల ఈ బాధ హెచ్చుట కద్దు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. ఇది క్రొత్తగా బయటపడిన సంగతియు కాదు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వైద్యులు చేసిన పరిశోధన 1937లోనే వెలువడినది.

ఇందు ముఖ్యముగా గమనింపదగిన విషయమొకటి యున్నది. శాశ్వతదంతములలో ముందువరుస వాని పింగాణి సుమారు ఎనిమిదవ యేటిలోపుగా ఏర్పడును. ఆ వయస్సు దాటినపిదప ఈ నీరు త్రాగినవారికి ఆ పండ్లపై క్రొత్తగా మచ్చలు రావు. ఆలోపుగా త్రాగినవారికి వచ్చిన మచ్చలు వాటంతట పోవు. దంతవైద్యుడు పైపూతతో కప్పవచ్చునేమో గాని, పల్లెలోని కూలివారి బిడ్డకు ఆ వైద్యమెక్కడిది? ఏండ్లతరబడి ఇదే నీరు త్రాగుచు పోయినచో కీళ్ళు బిగిసి, వెన్ను వంగిపోవుటయు కలదు. మంచినీటి పథకము ఐదేండ్లు ఆలస్యమైనచో పెద్దలకు కలుగునది ఒక కష్టము. అప్పుడే పుట్టిన శిశువునకు కలుగునది బ్రతుకంతయు మోయవలసిన గుర్తు. పరిశుభ్రమైన పరిసరములు బాలలకు ప్రత్యేకమైన హక్కని చెప్పుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

చట్టమునకు ఈ మాట తెలియకపోలేదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 24వ అధికరణము శుభ్రమైన త్రాగునీటిని, పర్యావరణ కాలుష్యపు ప్రమాదములను పేర్కొనుచున్నది. 29వ అధికరణము ప్రకృతియెడ గౌరవము విద్యలో భాగము కావలెననుచున్నది. భారతదేశము 1992లో దానిని అంగీకరించినది. అంతకు ముందు 1991లో మన సుప్రీంకోర్టు, కాలుష్యము లేని నీరు, గాలి జీవించు హక్కులోనివే యని సుభాష్ కుమార్ వ్యాజ్యములో చెప్పినది. అదే సంవత్సరము ఎం. సి. మెహతా వ్యాజ్యములో పాఠశాలలలో పర్యావరణము నిర్బంధ పాఠ్యాంశము కావలెనని ఆదేశించినది.

నీటిని గూర్చి ఒక తీర్పు, పాఠమును గూర్చి మరియొకటి. బడిలో ఈ రెండును కలిసికొన్న సందర్భములు అరుదని నా యభిప్రాయము. అమెజాను అడవులను గూర్చియు, ధ్రువప్రాంతపు మంచును గూర్చియు నూటికి తొంబది మార్కులు తెచ్చుకొను బాలునకు తన బడి ఆవరణలోని గొట్టపుబావిలో ఫ్లోరైడెంత యున్నదో తెలియదు. తెలిసికొనుట కష్టమా? కాదు. నీటిలో కొన్ని చుక్కల మందు వేసి, మారిన రంగును పట్టికతో సరిపోల్చు చిన్న పరీక్షాపేటికలున్నవి. ఒకే ఊరిలో ఒక బావికిని మరియొక బావికిని తేడా యుండును. వేసవికిని వానకాలమునకును తేడా యుండును. పిల్లలు ఊరి పటము గీసి, బావి బావికి అంకె వ్రాసినచో ఆ యేటి విజ్ఞానశాస్త్రము, గణితము, భూగోళము మూడును అందులోనే యున్నవి. ఆ పటమును పంచాయతీ కార్యాలయములో ఇచ్చినచో పౌరశాస్త్రము కూడ.

తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలములను శుద్ధిచేసి గొట్టములద్వారా ఇండ్లకు చేర్చు పథకము. నదీజలములలో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ. అయితే కుళాయి రానినాడు చేయి మరల గొట్టపుబావివైపే పోవును గదా! అందుచే గృహిణులు ఎరిగియుండవలసిన సంగతులు కొన్ని కలవు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలినదానిలో దాని పాలు పెరుగును. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో సున్నము, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టుదురు. వాని పాళ్ళు నీటిని పరీక్షించి నిర్ణయింపవలసినవి గాని చేతి అంచనాతో వేయదగినవి కావు. ఫ్లోరైడు నీటిని స్నానమునకు, బట్టలు ఉతుకుటకు వాడవచ్చును. వంటకును, త్రాగుటకును, ముఖ్యముగా పసిపిల్లలకు పాలపొడి కలుపుటకును వాడరాదు.