గుర్రపు డెక్క తీయుటకు చిన్న పంటు మేలా? పెద్ద పంటు మేలా?



హైదరాబాదు హైటెక్ సిటీ ప్రక్కనున్న దుర్గం చెరువు గత సంవత్సరములలో గుర్రపు డెక్కతో నిండి, శుభ్రము చేయించుకొనవలసి వచ్చినది. ఊరి మురుగు చేరు చెరువు లన్నింటికిని ఈ బెడద కలదు. ఒడ్డు నుండి అందని డెక్కను తీయుటకు పంటు కావలెను. గోదావరి జిల్లాలలో బండ్లను రేవు దాటించు పంటు వంటిదే ఇదియును. పడవలకు బదులు మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ములను రెండు వరుసలుగా కట్టి, పైన పలకలు పరచినచో సరిపోవును.

పంటు ఎంత బరువు మోయును?

ఒక లీటరు నీటిని తొలగించు వస్తువును నీరు ఒక కిలో బలముతో పైకెత్తును. 200 లీటర్ల డ్రమ్ము సగము మునిగినచో 100 కిలోలు మోయును. అంతకు మించి ముంచరాదు. మిగిలిన సగము ప్రాణరక్షణకు.

ఆరు డ్రమ్ముల చిన్న పంటు ఈ లెక్కన 600 కిలోలు మోయును. డ్రమ్ములు, చట్రము, పలకల బరువు సుమారు 200 కిలోలు. ఇద్దరు మనుషులు, పనిముట్లు 150 కిలోలు. ఇక డెక్కకు మిగులునది 250 కిలోలే. పండ్రెండు డ్రమ్ముల పెద్ద పంటుపై నలుగురు పనిచేసినను 500 కిలోలు వేయవచ్చును.

డెక్క చూచుటకు తేలిక. కాని అందులో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే. దట్టముగా పెరిగినచోట చదరపు మీటరుకు 20 కిలోలు మించి యుండును. కావున కుప్ప ఎత్తును చూచి బరువు నంచనా వేయరాదు. డ్రమ్ములపై సగమునకు రంగుగీత గీసి, నీరు ఆ గీతను తాకగానే ఒడ్డుకు మరలవలెను.

ఒరుగుటయే అసలు ప్రమాదము

1990 మార్చి 10వ తేదీన హుస్సేన్ సాగరులో బుద్ధ విగ్రహమును తీసికొనిపోవు పంటు ఒరిగి, విగ్రహము నీటిపాలై, పలువురు ప్రాణములు కోల్పోయిరి. విగ్రహమును 1992 డిసెంబరులో గాని నిలుపలేకపోయిరి. బరువు మోయగలుగుట వేరు, ఒరగకుండుట వేరు.

పంటు పొడవును రెట్టింపు చేసినచో ప్రక్కకు ఒరగకుండు బలము రెట్టింపే అగును. రెండు వరుసల నడిమి దూరమును రెట్టింపు చేసినచో అది సుమారు నాలుగింతలగును. కావున చిన్న పంటు నైనను వెడల్పుగా కట్టుడు. డెక్కను నడుమ పోయుడు. అందరు ఒకే ప్రక్కకు వంగి లాగరాదు.

ఏది ఎన్నుకొనవలెను?

కొద్ది ఎకరముల చెరువునకు, ఒడ్డు దగ్గరి పనికి చిన్న పంటు చాలును. దానిని విప్పి ట్రాక్టరు ట్రాలీలో వేరొక చెరువునకు కొనిపోవచ్చును. ఇద్దరు గెడవేసి నడుపవచ్చును. పెద్ద పంటు గాలికి త్వరగా కొట్టుకొనిపోవును, డెక్కలో కదలుట కష్టము. ఒడ్డు దూరమై, ప్రతి విడతకు చాలసేపు పట్టుచోటనే అది లాభము. అచ్చటను ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి కట్టుకొన్నచో, ఒకటి దించుచుండగా మరొకటి నింపుకొనవచ్చును.

పురుగుమందుల డ్రమ్ములు వాడరాదు. ప్రతి ఉదయము మూతలు పరీక్షింపవలెను. ఈత వచ్చినవారు సైతము లైఫ్ జాకెట్ ధరింపవలెను. డెక్క వేళ్లలో కాళ్లు చిక్కినచో ఈత పనిచేయదు.