కాఫీ కాటా కడుపులో ఏముంది?

చెంచా మారలేదు, డబ్బా మారలేదు, ఫిల్టరూ అదే. అయినా నిన్న డికాక్షన్ చిక్కగా దిగింది, ఇవాళ పలచబడింది. పాలు బాలేవని ఒకరు, పొడి పాతబడిందని ఒకరు అంటారు. చాలాసార్లు దోషం చెంచాది. వేగేటప్పుడు కాఫీ గింజ బరువులో నూటికి 12 నుంచి 20 వంతుల దాకా పోతుంది, పైగా ఉబ్బుతుంది. అందుకే నల్లగా వేగిన పొడి చెంచాడు తీస్తే తూకానికి తక్కువ, దోరగా వేగినది అదే చెంచాకి ఎక్కువ. మెత్తటి పొడి ఒదిగి కూర్చుంటుంది, బరకది మధ్యలో సందులు వదులుతుంది. ఇక గోపురంగా తీశామా, అంచుకి సమంగా తీశామా అన్నది ఆ పూట చేతివాటం.

దీనికి మందు నాలుగైదు వందలకే దొరుకుతోంది. ఎస్‌ఎఫ్-400 అన్న గుర్తుతో ఎన్నో కంపెనీలు అమ్మే తెల్ల ప్లాస్టిక్ కాటా ఇప్పటికే చాలా వంటిళ్ళలో ఉంది. దాని మరలు విప్పి చూస్తే స్ప్రింగు లేదు, ముల్లు లేదు. వేలెడు అల్యూమినియం కడ్డీ ఒకటి ఉంటుంది. ఒక కొస అడుగు భాగానికి, రెండో కొస పై పళ్ళేనికి బిగించి ఉంటాయి. కడ్డీ నడుమ రెండు బెజ్జాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి, వాటి పైనా కిందా లోహం బాగా పలచబడుతుంది. ఆ పలుచని చోట, జిగురు పూత కింద, గోరంత కూడా లేని రేకు ముక్కలు అతికించి ఉంటాయి. వాటి నుంచి ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ తీగలు నాలుగు బయటికి వస్తాయి. తూచే పని ఆ రేకుది. తక్కినదంతా దానికి పరివారం.

ఆ రేకు వెనక సూత్రం పాతదే. 1856లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డ ఆయన, ఇనుప తీగల్నీ రాగి తీగల్నీ లాగి చూసి, సాగిన తీగలో విద్యుత్ నిరోధం పెరుగుతుందని లండన్ రాయల్ సొసైటీకి చెప్పాడు. తీగ సాగితే పొడవవుతుంది, సన్నబడుతుంది. కరెంటుకి దారి దూరమూ అవుతుంది, ఇరుకూ అవుతుంది. ఆ మార్పు అతి స్వల్పం. దాన్ని పట్టగలిగే వలయం అప్పటికే ఉంది. 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ దాన్ని తయారుచేశాడు, పదేళ్ళ తర్వాత చార్లెస్ వీట్‌స్టన్ ప్రచారంలోకి తెచ్చాడు. పేరు మాత్రం వీట్‌స్టన్ బ్రిడ్జిగానే స్థిరపడింది. సూత్రమూ ఉంది, వలయమూ ఉంది. రెండూ కలిసి చేతికొచ్చే పనిముట్టు కావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

దానికి భూకంపాలు కారణమయ్యాయి. 1938లో అమెరికాలోని ఎంఐటీలో ఆర్థర్ రూజ్ అనే ప్రొఫెసర్, భూమి కంపిస్తే ఎత్తయిన నీళ్ళ ట్యాంకులు ఏమవుతాయో తెలుసుకోవడానికి చిన్న నమూనా కట్టి కుదుపుతున్నాడు. నమూనా గోడలు మరీ పలుచన. అప్పట్లో ఉన్న కొలత పనిముట్లు తగిలిస్తే వాటి బరువుకే గోడ తీరు మారిపోయేది. దాంతో ఆయన అతి సన్నని తీగని వంకర్లుగా పలుచని కాగితం మీద అతికించి, చివర్లకి కాస్త లావు తీగలు కలిపాడు. అది పనిచేస్తుందో లేదో చూడటానికి ముందుగా ఒక కడ్డీకి అంటించి, కడ్డీని వంచి చూశాడు. మన కాటా లోపల ఇవాళ్టికీ జరుగుతున్నది అదే.

ఆయన ఎంఐటీ పేటెంట్ల కమిటీకి ఈ సంగతి విన్నవిస్తే, విషయం ఆసక్తికరంగానే ఉంది కానీ వ్యాపారపరంగా పెద్దగా పనికొచ్చేలా లేదని తేల్చి, హక్కులు ఆయనకే వదిలేసింది. కమిటీల దూరదృష్టి గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో దేశం ఆ కొసన, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఎడ్వర్డ్ సిమన్స్ అనే యువకుడు ఇదే ఆలోచన చేశాడు. ఈయన కథ వేరు. కాల్‌టెక్ ఆ ఆవిష్కరణ తనదంది. వ్యవహారం కోర్టుకెక్కి, 1949లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో సిమన్స్ గెలిచాడు. పాసడీనా వీధుల్లో పాతకాలపు యూరప్ దొరల్లా కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడుక్కుని తిరిగే మనిషిగా ఆయన తర్వాతి రోజుల్లో ఊరంతటికీ తెలుసు. ఇద్దరి తీగలూ ఎస్‌ఆర్-4 అన్న పేరుతో బజారుకి వచ్చాయి: ఎస్ అంటే సిమన్స్, ఆర్ అంటే రూజ్. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల రెక్కలు ఎంత బరువు ఓర్చుకుంటాయో చూడటానికి వాటిని విరివిగా వాడారు. 1952 నాటికి బ్రిటన్‌లో సాండర్స్-రో అనే విమాన కంపెనీ తీగని చేత్తో చుట్టే పని మాన్పించి, రేకు మీద అచ్చులా చెక్కించే పద్ధతి తెచ్చింది. ధర దిగిరావడానికి తలుపు తెరుచుకున్నది అక్కడే.

మిగిలిన చిక్కు, ఆ మార్పుని చదవడం. నిండు బరువు పెట్టినా వెయ్యి ఓమ్‌ల రేకులో మారేది దాదాపు ఒక్క ఓమ్. మూడు కిలోల కాటాకి మూడు వోల్టులిస్తే, మూడు కిలోలూ పెట్టినప్పుడు వచ్చే సంకేతం మూడు మిల్లీవోల్టులు. అందులో 0.1 గ్రాము వాటా ఒక మైక్రోవోల్టులో పదోవంతు. టీవీ రిమోట్‌లో వేసే సెల్ వోల్టేజీని కోటిన్నర భాగాలు చేస్తే ఒక భాగం. దీన్ని అంకెగా మార్చే చిప్పు ఒకప్పుడు ప్రయోగశాలల సొత్తు. ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకి కొనుక్కునే హెచ్‌ఎక్స్711 చిప్పు 24 బిట్ల రకం, అంటే లెక్కకి కోటీ 67 లక్షల పైచిలుకు మెట్లు. అందులో చివరి మెట్లన్నీ రొదే అనుకోండి.

పళ్ళెంలో గిన్నె నడిమికి పెట్టినా ఓ మూలకి పెట్టినా ఒకే అంకె రావడం ఆ రెండు బెజ్జాల పుణ్యం. వాటివల్ల కడ్డీ పైభాగం, కిందిభాగం సమాంతరంగా కదులుతాయి. ఈ కిటుకు 1669లో ఫ్రాన్సులో రోబర్వాల్ చూపించిన తక్కెడది.

ఇక కొనడం సంగతి. చౌక కాటాకీ ఖరీదైనదానికీ తేడా రేకులో ఉంటుందనుకుంటాం. నా లెక్కలో అసలు తేడా, రేకు చెప్పినదాన్ని తెర మీద ఎప్పుడు చూపాలో నిర్ణయించే ప్రోగ్రాములో ఉంది. కడ్డీ వేడికి కొద్దికొద్దిగా జరుగుతుంది, జిగురు నెమ్మదిగా సాగుతుంది. ఏ బరువూ లేకపోయినా అంకె పాకుతుంటే కొన్నవాడు ఊరుకోడు. అందుకని సున్నా దగ్గర చిన్న మార్పు వస్తే దాన్ని మింగేసి మళ్ళీ సున్నా చూపమని తయారీదారు రాసిపెడతాడు. కూరగాయలకి ఇది మంచిదే. చుక్కచుక్కగా దిగే కాఫీకి ఇదే శత్రువు: కప్పు పెట్టి సున్నా చేశాక మొదటి చుక్కల్ని కాటా ‘జారుడు’ అనుకుని తినేస్తుంది.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. కప్పు పెట్టి సున్నా చేసి, 0.1 గ్రాము చూపే కాటా మీద వేగిన గింజల్ని ఒక్కొక్కటే, కాస్త ఆగి ఆగి వేయండి. ఒక్కో గింజ సుమారు 0.12 నుంచి 0.15 గ్రాములుంటుంది. నాలుగు పడ్డా సున్నా కదలకపోతే, అవే నాలుగూ ఒక్కసారిగా వేస్తే అర గ్రాము చూపితే, గుట్టు బయటపడినట్టే. అంతమాత్రాన కాటా పారేయక్కర్లేదు. అంకె మీద అనుమానమొస్తే కప్పు ఎత్తి మళ్ళీ పెడితే సరి.

ఫిల్టర్ కాఫీకి ఒక గ్రాము మెట్టు కాటా పనికిరాదనను. 20 గ్రాముల పొడికి అర గ్రాము అటూఇటూ అయితే నూటికి రెండున్నర వంతులు. నాలుక పట్టుకోవడం కష్టం. ఒకరికి మాత్రమే పెట్టుకునేవారికి, కాగితం ఫిల్టర్‌లో పోసుకునేవారికి 0.1 గ్రాము మెట్టు కావాలి. టైమరుతో, మూడు కిలోల దాకా మోసేది వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య దొరుకుతోంది. ఎస్‌ప్రెసో యంత్రం ఉంటే 18 గ్రాములు పెట్టి 36 గ్రాములు రాగానే ఆపాలి, అదీ అర నిమిషంలోపు. అక్కడ అంకె సెకను ఆలస్యంగా వచ్చినా పని చెడుతుంది కాబట్టి చురుకైన కాటాకి ఎక్కువ పెట్టడంలో అర్థముంది. 0.01 గ్రాము చూపే జేబు కాటాల జోలికి మాత్రం పోకండి. రెండు వందల గ్రాములకి చేసిన కడ్డీ మీద నీళ్ళ గిన్నె పెడితే అది వంగి, ఇక ఎన్నటికీ నిటారుగా నిలవదు. రెండు నిమిషాలకే ఆరిపోయేవీ, ఊరి కొట్టులో దొరకని బిళ్ళ బ్యాటరీ అడిగేవీ తర్వాత విసిగిస్తాయి.

ఇంటికి తెచ్చాక సరిచూడటానికి పడికట్టు రాళ్ళు అక్కర్లేదు. 2011 నుంచి 2018 దాకా వచ్చిన ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ళ 6 గ్రాములు. పది పేరిస్తే 60. కొత్త బిళ్ళలు కలపొద్దు, అవి 6.74 గ్రాములు. పాత మందపాటి వెండిరంగు బిళ్ళ 9 గ్రాములు, ఇంట్లో దాచుకున్నవి ఉంటే అవీ పనికొస్తాయి. అదే బిళ్ళల దొంతిని నడిమిలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడండి. వేడి గిన్నెని నేరుగా పళ్ళెం మీద పెట్టకుండా కింద ఓ చెక్క బిళ్ళో రబ్బరు మ్యాటో వేసి, దాన్ని కూడా కలిపి సున్నా చేసుకోండి. వేడి కడ్డీ దాకా పోకూడదు.

ఫిల్టర్‌లో 20 గ్రాముల పొడికి 120 గ్రాముల మరిగిన నీళ్ళతో మొదలుపెట్టవచ్చు. పొడి తన బరువుకి దాదాపు రెట్టింపు నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 80 గ్రాములు. రాత్రి పోసి పడుకునేవారికి కాటా మధ్యలో ఆరిపోయినా ఇబ్బంది లేదు. ఖాళీగా ఉన్నప్పుడే కింది గిన్నె తూచి ఆ అంకెని అడుగున పెన్నుతో రాసుకుంటే, పొద్దున పైగిన్నె తీసి కిందిది తూస్తే చాలు. దిగింది ఎంతో, దిగకుండా పొడిలోనే నిలిచిపోయింది ఎంతో తెలిసిపోతుంది.