కళ్లకు గంతలు, నడుముకు ఒర

ఎడిటర్ గారు అడిగింది వర్చువల్ రియాలిటీ మీద ముఖచిత్ర కథనం. శుక్రవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. హెడ్‌సెట్ల ధరలు, కంపెనీల పోటీ రాద్దామనే మొదలుపెట్టాను. కానీ నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆటలో మునిగిన మనిషికి దాహమేస్తే, రెండు చేతుల్లోని కంట్రోలర్లను ఎక్కడ పెట్టాలి?

బల్ల కనపడదు. కుర్చీ మీద పెడదామంటే అది ఏ పక్కన ఉందో గుర్తుండదు. మణికట్టు తాడుకు వదిలేస్తే వేలాడుతూ గ్లాసుకు తగులుతాయి. చెమటకు జారిన హెడ్‌సెట్ పట్టీ బిగించుకోవాలన్నా, మోగుతున్న ఫోనెత్తాలన్నా ఇదే తంటా. చాలామంది ఒకదాన్ని చంకలో ఇరికించుకుని పని కానిచ్చేస్తారు. గదిని చూపించే కెమెరాలు హెడ్‌సెట్‌కు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నా, తల బాగా వంచితే తప్ప మన నడుము మనకు కనపడదు. అందుకే కొందరు నడుముకో తొడకో కట్టుకునే ఒరలు తయారు చేసుకుంటున్నారు. చూడటానికి చిన్న పని. లోపలికి వెళ్లేకొద్దీ ఎంత ఆలోచన ఉందో తెలిసి నాకు గౌరవం పెరిగింది.

మెటా క్వెస్ట్ 2 కంట్రోలర్‌ను దగ్గరగా చూడండి. పిడి పైన ఒక ప్లాస్టిక్ రింగు ఉంటుంది. దాని లోపల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు. అవి మన కంటికి ఆనవు, హెడ్‌సెట్‌కున్న నాలుగు కెమెరాలకు మాత్రం కనపడతాయి. ఏ చుక్క ఎక్కడ వెలుగుతోందో చూసి, చెయ్యి ఎక్కడుంది, ఎటు తిరిగింది అన్నది హెడ్‌సెట్ లెక్కగడుతుంది. రింగు పెట్టింది అందుకోసమే. కానీ ఒరలు చేసేవాళ్లకు అది అయాచితంగా దొరికిన వరం. బెల్టుకు ఒక కొక్కెం బిగించి రింగును తగిలిస్తే చాలు. రింగు వెడల్పు కాబట్టి గురి చూడక్కర్లేదు. చెయ్యి అటూఇటూ తడిమితే కొక్కెం దొరికిపోతుంది.

2023 అక్టోబరులో క్వెస్ట్ 3 వచ్చింది. రింగు పోయింది. ఎల్‌ఈడీలు కంట్రోలర్ ఒంట్లోకే చేరాయి. రెండు చేతులు దగ్గరికి తెచ్చినా రింగులు కొట్టుకునే బాధ లేదు. ఆడేవాళ్లకు మేలే జరిగింది. ఒర చేసేవాళ్లు మాత్రం మళ్లీ మొదటికొచ్చారు. తగిలించడానికి ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు పిడిని దింపుకునే తొడుగు కావాలి. చూడకుండా దింపాలంటే తొడుగు మూతి వెడల్పుగా, లోపలికి పోనుపోను ఇరుకుగా ఉండాలి. అంతటితో అయిపోలేదు. చూపుడువేలి కింద ఒక ట్రిగ్గర్, మధ్యవేలి కింద ఇంకో బటన్ ఉన్నాయి. తొడుగు గోడ వాటిని నొక్కితే, మీరు నీళ్లు తాగుతుండగా ఆటలో తుపాకీ పేలుతుంది. కాబట్టి తొడుగు బటన్లు లేనిచోటే పట్టుకోవాలి, ఉన్నచోట కిటికీలా తెరిచి ఉండాలి. మెత్తటి గుడ్డ సంచులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఇంకో చిక్కుంది. ఒరలో పడగానే కంట్రోలర్ కెమెరాల కంటికి మరుగవుతుంది. ఇక దిక్కు లోపలున్న కదలికల సెన్సార్ ఒక్కటే. దాని చిన్న చిన్న తప్పులు క్షణక్షణానికీ పోగుపడతాయి. ఆటలో మీ చెయ్యి ఉన్నచోటు వదిలి కొట్టుకుపోతుంది. బయటికి తీశాక కెమెరా కంట పడగానే మళ్లీ చోటికొస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది నిజం ఒరకూ ఆటలోని ఒరకూ మధ్య తగువు. సాధారణంగా హెడ్‌సెట్‌కు సూటిగా తెలిసేవి తల, రెండు చేతులే. నడుము ఎక్కడుందన్నది అంచనా. 2020 మార్చిలో వాల్వ్ సంస్థ తెచ్చిన హాఫ్‌లైఫ్: అలిక్స్ ఆట నడుము జోలికే పోలేదు. తూటాలు కావాలంటే చెయ్యి భుజం మీదుగా వీపు వెనక్కి పోవాలి. చిన్న వస్తువులు దాచుకోవడానికి రెండు మణికట్ల దగ్గర చోటుంది. చాలా తుపాకీ ఆటలు మాత్రం పిస్తోలును నడుముకే పెడతాయి. అక్కడే మీరు నిజం ఒర కట్టుకుని ఉంటే, లేని పిస్తోలు కోసం దించిన చెయ్యి ఉన్న ప్లాస్టిక్‌కు టక్కున తగులుతుంది. ఒక్క తాకుడుతో ఆ లోకం చెదిరిపోతుంది. కాబట్టి నిజం ఒర తుంటి ఎముకకు కాస్త వెనకగా ఉండాలని నా అభిప్రాయం. ఎక్కడ పెట్టినా చోటు, వంపు మారకూడదు. తాటిచెట్టు మీదున్న కల్లుగీత కార్మికుడు నడుముకున్న పొదిలోంచి చూడకుండానే కత్తి తీసినట్టు తీయగలగాలి.

బెల్టు ఉంటుందని ముందే అనుకుని గీసిన నమూనాలంటే నాకు అసంతృప్తి. చీర కట్టుకున్నవాళ్లు, సల్వార్ వేసుకున్నవాళ్లు ఎక్కడ తగిలించుకోవాలి? చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లకు తుంటి వెనక ఒర ఎందుకు పనికొస్తుంది? వెల్‌క్రోతో బిగిసే వెడల్పాటి సాగే పట్టీ, కుర్చీ చేతికి కూడా పట్టే బిగింపు నమూనాలో మొదటినుంచే ఉండాలి.

చరిత్ర క్లుప్తంగా: 1980లలో వీపీఎల్ సంస్థ డేటా గ్లవ్‌తో చేతికే తొడుగు వేసింది. 2016 మార్చిలో ఆక్యులస్ రిఫ్ట్ హెడ్‌సెట్ మామూలు గేమ్‌ప్యాడ్‌తో వచ్చింది. ఏప్రిల్‌లో హెచ్‌టీసీ వైవ్ చేతికొకటి చొప్పున కంట్రోలర్లు ఇచ్చింది, డిసెంబరులో ఆక్యులస్ టచ్ కంట్రోలర్లు వచ్చాయి. 2019లో వాల్వ్ ఇండెక్స్ కంట్రోలర్‌ను పట్టీతో అరచేతికే కట్టేసింది. పిడికిలి విప్పినా కింద పడదు. 2024లో యాపిల్ విజన్ ప్రో కంట్రోలర్లే లేకుండా వచ్చింది. మరుసటి ఏడాదే ప్లేస్టేషన్ వీఆర్2 కంట్రోలర్లకు చోటిచ్చింది. చేతికి పట్టు కావాల్సిన పనులున్నంతకాలం కంట్రోలర్లు ఉంటాయి.

కంపెనీలను నేను అడిగేది ఒక్కటే. ఏ కంపెనీ కెమెరా అయినా ట్రైపాడ్ మీద కూర్చుంటోందంటే, అడుగున ఉన్న పావు అంగుళం మరచుట్టు వల్లే. అలాంటి ఉమ్మడి బిగింపు ఒకటి కంట్రోలర్ అడుగున పెడితే, మోడల్ మారినప్పుడల్లా పాత ఒరలు చెత్తబుట్టలో పడవు.

తాడు తెగిన కథ

2006 నవంబరులో అమెరికాలో నింటెండో వీ గేమ్ కన్సోల్ విడుదలైంది. జోరుగా ఊపిన రిమోట్లు చేతుల్లోంచి జారి, మణికట్టు తాడు తెగి ఎగిరిపడ్డాయి. డిసెంబరులో 32 లక్షల తాళ్లను ఉచితంగా మార్చి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. తాడు మందం 0.6 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకు పెరిగింది.

ఇంట్లో ఒరను 3డీ ప్రింట్ చేసుకునేవారికి

కొక్కేన్ని నిలబెట్టి కాకుండా పక్కకు పడుకోబెట్టి ప్రింట్ చేయండి. నిలబెడితే పొరలు అడ్డంగా వచ్చి, బరువు పడినప్పుడు పొరల మధ్యే విరుగుతుంది. పీఎల్‌ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో కారులో వదిలేస్తే వంకరపోవడం ఖాయం. పీఈటీజీ ఇంకొంచెం వేడికి ఆగుతుంది. సొంత ప్రింటర్ లేకపోతే, హైదరాబాద్‌లో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాల తయారీ కోసమే ఉంది.