కనుపరచుకోవడం కూడా విశ్వాసమే

యేసుప్రభువు ఒక కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. రోగం వెంటనే అతణ్ని విడిచిపోయింది. అయినా ప్రభువు అతణ్ని నేరుగా ఇంటికి పంపలేదు. యాజకుని వద్దకు వెళ్లి దేహాన్ని కనుపరచుకోమన్నాడు (లూకా 5:12-14). స్వస్థపడ్డవాడికి పరీక్ష ఎందుకు? దేవుడు చేసిన కార్యం పరీక్షకు భయపడేది కాదు గనుక!

మన సంఘాల్లో కొందరు యౌవనస్థుల కడుపు మీద చిన్ననాటి ఆపరేషన్ మచ్చ ఉంటుంది. పిల్లల కిడ్నీలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది విల్మ్స్ ట్యూమర్. 1899లో దాన్ని వివరించిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరే దానికి నిలిచింది. సాధారణంగా అయిదేళ్లలోపు వస్తుంది. చాలామందికి ఆ కిడ్నీని తీసివేసి, కీమోథెరపీ, అవసరమైతే రేడియేషన్ ఇస్తారు. మంచి వైద్యం అందినచోట పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఎంత కృప!

మిగిలిన ఒక్క కిడ్నీ కాస్త పెద్దదై రెండింటి పని తానే మోస్తుంది. చాలామందిలో అది చక్కగానే పనిచేస్తుంది. కొందరికి మాత్రం ఏళ్లు గడిచాక బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. రెండు కిడ్నీలకూ గడ్డలు వచ్చినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. అందుకే ఏడాదికోసారి బీపీ చూపించుకుని, మూత్ర పరీక్ష, డాక్టరు చెప్పినట్టు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగకూడదు. గర్భం ధరించిన స్త్రీ ఈ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

కానీ చెప్పాలంటే ముందు ఆమెకు తెలియాలి కదా! సంబంధాలు తప్పిపోతాయని కన్నబిడ్డకే చెప్పకుండా దాచే తల్లిదండ్రులున్నారు. దేవుడు బాగుచేశాడు, ఇక ఆసుపత్రి ఎందుకని అనేవారున్నారు. సంఘకాపరులమైన మేమూ సాక్ష్యం విని చప్పట్లు కొట్టిస్తామే గాని, ఆ తరువాత పరీక్షలు చేయించుకుంటున్నావా అని అడగం. ఇది మా లోపమే.

కీర్తనలు 139:13లో మన బైబిలు 'అంతరింద్రియములు' అన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న మాటకు అసలు అర్థం కిడ్నీలు. వాటిని కలుగజేసినవాడు దేవుడేనని కీర్తనకారుని ఒప్పుకోలు. ఆయన చేసినదాన్ని, ఆయన మిగిల్చినదాన్ని కాపాడుకోవడం అవిశ్వాసమెలా అవుతుంది? అది గృహనిర్వాహకత్వం.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఆ మచ్చ కథ చెప్పండి. ఆసుపత్రి కాగితాలు అప్పగించండి. ప్రియ యౌవనస్థుడా, సహోదరీ, ఏటా పుట్టినరోజున కృతజ్ఞతార్పణ చెల్లిస్తావు కదా! ఆ వారంలోనే వెళ్లి నిన్ను నీవు కనుపరచుకో.