ఫొటోలు ఇంట్లో ముద్రించాలా? స్టూడియోలో కడిగించాలా?



ఇంట్లో పెద్దవారు ప్రభువునందు నిద్రించినప్పుడు, కన్నీళ్ళ మధ్యనే వెదకవలసి వచ్చేది వారి ఫొటో. జ్ఞాపకార్థ కూడికకు పటం కట్టించాలి. అందరి ఫోన్లలో వందల ఫొటోలు ఉంటాయి, కాని పెద్దది చేయదగినది ఒక్కటీ దొరకదు. దుబాయిలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన దానిని పెద్దది చేస్తే బాపు ముఖం మసకబారుతుంది. పెద్దపల్లి, సుల్తానాబాద్, మంథని చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్‌లో బిడ్డలున్న కుటుంబాలు ఎన్నో. వారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు.

పిల్లల చదువు కోసం ప్రింటర్ కొన్న ఇళ్ళు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నాయి. "ఇక స్టూడియో ఎందుకు, ఇంట్లోనే తీసుకుందాం" అనే మాట వినబడుతోంది. ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఖర్చు మాట

కాగితం, సిరా ధరలు కలిపితే ఇంటి ఫొటో చౌకగానే కనబడుతుంది. అయితే యంత్రం వెలను మరచిపోకూడదు. 12,000 రూపాయల ప్రింటర్‌తో మూడేళ్ళలో 200 ఫొటోలు మాత్రమే తీస్తే, ఒక్కొక్క ఫొటోకు యంత్రం ఖర్చే 60 రూపాయలు. చెడిపోయిన కాగితాలు వేరు. పైగా ప్రింటర్‌ను వారాల తరబడి వాడకపోతే సిరా వచ్చే సన్నని రంధ్రాలు ఎండి పూడుకుపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మళ్ళీ సిరానే ఖర్చవుతుంది. పిల్లల పాఠాలు, దరఖాస్తులు, సండే స్కూలు పనులకు రోజూ వాడే ఇంట్లో అయితే ఈ లెక్క మారుతుంది. ఫొటోల కోసమే ప్రింటర్ కొనడం మాత్రం గిట్టుబాటు కాదు.

నిలిచే మాట

ల్యాబ్‌లో కాంతికి స్పందించే కాగితం మీద ఫొటో పడుతుంది. దానిని రసాయనాలలో కడుగుతారు. రంగు కాగితం పొరలోనే ఏర్పడుతుంది. ఇంటి ప్రింటర్ అలా కాదు, సిరా చుక్కలను కాగితం మీద చిమ్ముతుంది. ఇంటి ప్రింటర్లలో ఎక్కువ వాటి రంగు సిరా నీటిలో కరిగే రకం. ఎండకు, గాలికి త్వరగా వెలుస్తుంది, తడిస్తే కారిపోతుంది.

2022 జూలైలో గోదావరి పొంగి మంథని పట్టణంలోకి నీళ్ళు వచ్చాయి. అటువంటి వేళ ఈ తేడా తెలుస్తుంది. ల్యాబ్‌లో కడిగిన ఫొటోలు తడిస్తే, ఒకదానికొకటి అంటుకుని ఎండకముందే మెల్లగా విడదీయాలి. బొమ్మ ఉన్న వైపు తాకకుండా మంచినీటిలో కడిగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెడితే చాలావరకు దక్కుతాయి. సిరా ఫొటోలకు ఆ అవకాశం తక్కువ.

అలాగని ల్యాబ్ ఫొటోకు చావు లేదని కాదు. 1970, 80లలో తీసిన రంగుల ఫొటోలు ఎన్నో ఎర్రబారిపోయాయి. అంతకు ముందరి తాతల నలుపు తెలుపు పెండ్లి ఫొటోలేమో, బాగా కడిగినవైతే, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వాటిలో ఉన్నది రంగు కాదు, వెండి. ఏ ఫొటోనైనా ఎండ పడే గోడకు వేలాడదీయవద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లలో పెట్టవద్దు.

నేటి నెగెటివ్

వెనుకటి రోజుల్లో పటం చెడిపోతే నెగెటివ్ ఉండేది, మళ్ళీ కడిగించేవారు. నేడు ఫోనులోని అసలు ఫొటోనే నెగెటివ్. ఫొటో చిన్న చుక్కల కూర్పు. అంగుళానికి 300 చుక్కలుంటే నునుపుగా కనబడుతుంది. 4×6 ఫొటోకు 1200×1800 చుక్కలు చాలు. కొంత దూరం నుండి చూసే 12×18 పటానికి కనీసం 1800×2700 ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600కు కుదించుకుపోతుంది. పటం మీద అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. లేని చుక్కలను ఇంటి ప్రింటరూ తేలేదు, స్టూడియో కూడా తేలేదు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఏమీ తగ్గకుండా అందుతుంది. గల్ఫ్‌లోని బిడ్డలకు ఈ సంగతి తెలియజేయండి.

మా సలహా

బడి పనులకు, ఉత్తరంలో పెట్టి పంపడానికి, నలుగురికీ పంచడానికి ఇంటి ముద్రణ చాలు. బాప్తిస్మము, పెండ్లి, పెద్దల ఫొటోలు మాత్రం ల్యాబ్‌లో కడిగించండి. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి. ఫోను ఫొటో కొలత సాధారణంగా 4:3, 4×6 కాగితం కొలత 3:2. అందువల్ల అంచులు తెగుతాయి, తలలు తెగకుండా చూడమనండి. ముఖం తెల్లబరచవద్దని, ఉన్నది ఉన్నట్టే తీయమని కోరండి.

ఫొటో వెనుక, అంచు దగ్గర, మెత్తని పెన్సిలుతో పేరు, సంవత్సరం వ్రాయండి. ఒక ప్రతిని ఊళ్ళో, మరొకటి వేరే ఊరిలోని కూతురి ఇంట్లో ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆలస్యం చేయకపోవడం. అవ్వను, తాతను ఈ నెలలోనే వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి, వారు నవ్వుతుండగా ఒక ఫొటో తీయండి. దానిని కడిగించి ముందుగా వారి చేతికే ఇవ్వండి. తమ పటాన్ని తాము చూసుకుని మురిసే భాగ్యం వారికి దక్కాలి.