సైట్ బోర్డు ఫోటో తీసి పంపు తమ్ముడూ!

పోయిన నెల హైదరాబాద్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాను. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు కదా, 'సొంత ఫ్లాట్ ఉందా' అనే ప్రశ్న మా ఇంట్లో రోజూ వినిపిస్తోంది. సేల్స్ కుర్రాడు మంచి మాటకారి. క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, ఈవీ చార్జింగ్ అన్నీ ట్యాబ్‌లో చూపించాడు. తర్వాత పద్నాలుగో అంతస్తులోని మోడల్ ఫ్లాట్‌కి తీసుకెళ్లాడు. బాల్కనీ అద్దంలోంచి చూస్తే ఎదుటి టవర్‌కి ప్లాస్టరింగ్ జరుగుతోంది. పరంజా మీద నిలబడ్డ మనిషి నడుముకి బెల్టు ఉంది. దాని కొక్కెం మాత్రం దేనికీ తగిలించి లేదు. గాల్లో ఊగుతోంది.

"ఇక్కడ పని చేసేవాళ్లకి ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు?" అని అడిగాను.

కుర్రాడు నవ్వాడు. "సర్, అదంతా కాంట్రాక్టర్ చూసుకుంటాడు. మీరు టెన్షన్ పడకండి."

కిందికొచ్చాక గేటు దగ్గర టీ తాగుతున్న ఒకాయన్ని పలకరించాను. "మీది ఏ ఊరండీ?"

"రాజాం అవతల బాబూ. మీదీ అటేనా ఏటి? మాటలోనే తెలిసిపోతంది."

నాది శ్రీకాకుళం జిల్లానే. ఆయన మాట విన్నాక నాకు ఫ్లాట్ సంగతి వెనక్కి పోయి, రెండు పాత సంగతులు ముందుకొచ్చాయి. ఒకటి పన్నెండేళ్ల కిందటిది, దేశమంతా టీవీలో చూసింది. రెండోది మా ఇంట్లోది, మేం తప్ప ఎవరూ చూడలేదు.

మౌలివాక్కం: ఆ శనివారం

2014 జూన్ 28. నేనప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్. శనివారం సాయంత్రం, చెన్నై శివారు పోరూర్ దగ్గర మౌలివాక్కంలో వాన పడుతోంది. అక్కడ కడుతున్న జంట టవర్లలో ఒకటి, 11 అంతస్తుల భవనం, ఒక్కసారిగా కూలిపోయింది. అది పాత భవనం కాదు. ఇంకా ఎవరూ గృహప్రవేశం కూడా చేయలేదు. ఆ సమయానికి అందులో ఉన్నది కట్టేవాళ్లే.

దాదాపు వారం రోజులు శిథిలాలు తవ్వారు. 61 మంది చనిపోయారు. 27 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. చనిపోయినవాళ్లలో పెద్ద సంఖ్యలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. భార్యాభర్తలు కలిసి పనికి వెళ్లే అలవాటు మన వైపు ఉంది కదా, కొన్ని ఇళ్లలో ఇద్దరూ పోయారు. అంబులెన్సులు చెన్నై నుంచి మన పల్లెలకి వచ్చిన ఆ వారం మా ఊళ్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. ప్రతి ఇంటికీ చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో ఒక మనిషి ఉన్నాడు మరి.

బిల్డర్ వైపు నుంచి మొదట వచ్చిన మాట: పిడుగు పడి ఉండొచ్చు. తర్వాత జస్టిస్ రఘుపతి కమిషన్ వేశారు. నిర్మాణంలోని లోపాలే కారణమని తేలింది. బిల్డర్, ఆయన కొడుకు, ఇంజినీర్లు అరెస్టయ్యారు. పక్కనే నిలబడి ఉన్న రెండో టవర్ కూడా ప్రమాదమేనని 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. సెకన్లలో నేలమట్టమైంది. ఆ వీడియోని మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో 'సూపర్ డెమోలిషన్' అని ఎవరో పెట్టారు. నేనూ చూశాను. అప్పటికి సెకండ్ ఇయర్ బీటెక్. మొదటి టవర్ కింద ఎవరు పోయారో ఆ గ్రూపులో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది, కానీ నేనూ ఏమీ అనలేదు.

మా చిన్నాన్న కాలు

మా చిన్నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. 2019 జనవరిలో బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో రెండో అంతస్తు నుంచి పడ్డాడు. తుంటి, కుడి కాలు విరిగాయి. లేబర్ కాంట్రాక్టర్ నాలుగు రోజుల ఆస్పత్రి ఖర్చు కట్టాడు. తర్వాత 20 వేలు చేతిలో పెట్టి, రైలు ఎక్కించాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో నేను, మా నాన్న స్ట్రెచర్ కోసం పరిగెత్తాం. నాకప్పుడు ఫైనల్ సెమిస్టర్.

"మంచోడేరా, డబ్బులిచ్చి పంపినాడు. ఇవ్వకపోతే ఏటి సేద్దుము?" అన్నాడు చిన్నాన్న. మేమూ అదే అనుకున్నాం.

2022లో ఆఫీసులో ఒక లాయర్ ఫ్రెండ్‌తో మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "క్లెయిమ్ వేశారా?" అప్పుడు తెలిసింది నాకు. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం పనిలో గాయపడితే పరిహారం హక్కు. దయ కాదు. పని చేయించింది లేబర్ కాంట్రాక్టర్ అయినా, ఆ పని ఎవరికోసం జరుగుతోందో ఆ అసలు యజమాని దగ్గర నుంచి పరిహారం రాబట్టొచ్చు. తర్వాత ఆయన కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటాడు. అంటే 'అదంతా కాంట్రాక్టర్ చూసుకుంటాడు' అనే మాటకి చట్టంలో చోటు లేదు. ఇంకా విచిత్రం, ప్రమాదం బెంగళూరులో జరిగినా, బాధితుడు ఉండే శ్రీకాకుళంలోనే క్లెయిమ్ వేసుకోవచ్చు.

కానీ గడువు రెండేళ్లు. మేం మూడేళ్లు దాటించాం. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. ప్రయత్నిద్దాం అనుకున్నాం. లాయర్ అడిగింది: అక్కడ పని చేసినట్టు ఏదైనా రుజువు ఉందా? హాజరు పట్టీ? కూలి రసీదు? కనీసం బిల్డర్ పేరు?

చిన్నాన్నకి సైట్ దగ్గరున్న బస్టాపు పేరు గుర్తుంది. మేటు పేరు గుర్తుంది. బిల్డర్ పేరు తెలీదు. ఏడు నెలలు పని చేశాడు, పేరు తెలీదు. మేటు ఫోన్ నంబరు మారిపోయింది. కథ అక్కడితో అయిపోయింది.

నేను రోజూ రాసే కోడ్‌లో ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో ఒక్క క్లిక్‌తో తెలుస్తుంది. యాప్ పది నిమిషాలు ఆగిపోతే ఎందుకాగిందో రెండు పేజీల రిపోర్టు రాస్తాం. మా చిన్నాన్న కాలు ఎందుకు విరిగిందో ఒక్క లైను కూడా ఎక్కడా లేదు.

చట్టం ఉంది, ఎక్కడుంది?

1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసి, కార్మికుల సంక్షేమ నిధికి ఇవ్వాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నిధులైతే వేల కోట్లు పోగయ్యాయి. వాటిని ఖర్చు పెట్టని తీరు మీద 2018లో సుప్రీంకోర్టు గట్టిగానే మండిపడింది.

మన వలస కూలీకి ఇందులో ఇంకో చిక్కు. సెస్సు కట్టేది పని జరిగే రాష్ట్రంలో. మనిషి ఊరు ఇక్కడ. ఏడాదిలో మూడు సైట్లు మారతాడు. ఆ 90 రోజులకి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

పాత చట్టంలో శిక్షలు చూస్తే నవ్వొస్తుంది. భద్రతా నియమాలు పాటించకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా. సేఫ్టీ నెట్ కట్టడం కన్నా జరిమానా కట్టడమే చవక!

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. భద్రతా నియమాలు పాటించకపోవడం వల్ల కార్మికుడు చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇప్పించమని కోర్టు చెప్పొచ్చు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని కూడా ఉంది. ఆ ఒక్క కాగితం 2019లో ఉంటే మా చిన్నాన్న కథ వేరు. అయితే వలస కార్మికులకి 1979 చట్టంలో ఉన్న స్థానభ్రంశ భత్యం కొత్త కోడ్‌లో పోయింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే.

మనమూ ఉన్నాం ఇందులో

బిల్డర్లని తిట్టడం తేలిక. కానీ నా ఫ్రెండ్ ఒకడు ఫ్లాట్ బుక్ చేసుకున్నాడు. వాళ్ల కొనుగోలుదారుల గ్రూపులో రోజూ ఒకటే మెసేజ్: 'స్లాబ్ ఎన్నోది పడింది? ఇంత లేటేంటి?'

స్లాబ్‌కి దాని టైమ్ దానికి కావాలి. కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన స్లాబ్ వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపుంటే కింది సపోర్టులు కనీసం 7 రోజులు ఉంచాలి. అంతకన్నా ఎక్కువైతే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన బీములకైతే 21 రోజులు. ఈ లెక్క చిన్నాన్నకి పుస్తకం చదవకుండానే తెలుసు. "పచ్చి స్లాబు కింద జాకీలు తీయమంటే నాకు గుండె దడదడలాడేది. తీయనంటే రేపట్నుంచి రావద్దంటాడు" అన్నాడోసారి. మన తొందర మెసేజ్ బిల్డర్ దగ్గర డెడ్‌లైన్ అవుతుంది. కాంట్రాక్టర్ దగ్గర బెదిరింపు అవుతుంది. చివరికి జాకీ తీసేవాడి నెత్తి మీదికి వస్తుంది.

రెరా చట్టం మనకి, అంటే కొనేవాళ్లకి, బలం ఇచ్చింది. ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో బాగు చేయాలి. అదే బిల్డింగ్ కడుతూ పడిపోయినవాడికి రెరాలో చోటు లేదు. డబ్బు కట్టేవాళ్లం కాబట్టి మన ప్రశ్నకి విలువుంది. ఆ ప్రశ్న వాళ్ల కోసం కూడా అడుగుదాం.

ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ఇవి అడగండి

• స్ట్రక్చరల్ ఇంజినీర్ ఎవరు? సాయిల్ టెస్ట్, కాంక్రీట్ క్యూబ్ టెస్ట్ రిపోర్టులు చూపిస్తారా?

• సేఫ్టీ ఆఫీసర్ ఉన్నారా? సైట్‌లో ఇప్పటిదాకా ఎన్ని ప్రమాదాలు రిపోర్టు చేశారు?

• కార్మికుల సెస్సు కట్టారా? రసీదు ఉందా?

• పనివాళ్లు ఎక్కడ ఉంటున్నారు? ఆ షెడ్లు ఒకసారి చూడొచ్చా?

జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు తయారుగా ఉంటుంది.

ఇంట్లోవాళ్లు పనికి వెళ్తుంటే ఇవి చేయండి

• సైట్ బోర్డు ఫోటో ఇంటికి వాట్సాప్ చేయించండి. బిల్డర్ పేరు, రెరా నంబరు సాధారణంగా అందులోనే ఉంటాయి.

• సైట్‌లో తీసుకున్న సెల్ఫీ, లొకేషన్ వారానికోసారి పంపమనండి.

• కూలి డబ్బులు వీలైనంతవరకు ఫోన్‌పే, గూగుల్ పేలో వేయించుకోమనండి. ఆ ఎంట్రీయే రేపు రుజువు.

• ఈ-శ్రమ్‌లో, సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించండి. ఫోన్ వాడకం మనకే ఎక్కువ తెలుసు, ఇది మన పని.

• ప్రమాదం జరిగితే ఆస్పత్రి కాగితాలన్నీ దాచండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. వెంటనే లేబర్ ఆఫీసులో అడగండి. ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది, మాలాగా.

నేను ఆ ఫ్లాట్ ఇంకా బుక్ చేయలేదు. సెస్సు రసీదు అడిగాను. 'మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెప్తాను సర్' అన్నాడు కుర్రాడు. మూడు వారాలైంది.

చిన్నాన్న ఇప్పుడు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. వానాకాలం కాలు లాగుతుంది. వాళ్లబ్బాయి, మా తమ్ముడు, ఐటీఐ చేసి మొన్న చెన్నైలో ఒక సైట్‌లో ఎలక్ట్రికల్ పనికి వెళ్లాడు. వద్దని చిన్నాన్న అన్లేదు. వద్దంటే ఇక్కడ పనేదీ? రైలెక్కే ముందు నేను ఒకటే చెప్పాను, బోర్డు ఫోటో పంపమని.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి వాట్సాప్‌లో వచ్చింది. కాస్త వంకరగా తీశాడు, కానీ బిల్డర్ పేరు, నంబరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద ఒక లైను: "అన్నియ్యా, బెల్ట్ కూడా ఇచ్చినారు."

"తగిలించుకున్నావా?" అని అడిగాను.

ఇంకో ఫోటో పంపాడు.